ప్రేమకథా సీరియల్ డిస్కు సెట్ కొన్నారా? బొమ్మ, ధ్వని, పాట ఒక్కొక్కటిగా పరీక్షించండిలా

పోరాటాలతో నడిచే సీరియల్‌లో బొమ్మ కాస్త మసకగా ఉన్నా కథ సాగిపోతుంది. ప్రేమకథకు ఆ వెసులుబాటు లేదు. ఆమె ఏదో చెప్పబోయి ఆగిపోయిందన్న సంగతి పెదవి చివర ఉంటుంది. అతను దాస్తున్నది కనురెప్ప ఒక్కసారి వాలడంలో ఉంటుంది. చర్మం నున్నగా కనిపించాలని డిస్కు తయారుచేసినవాళ్లు ఆ చిన్న కదలికలను తుడిచేస్తే కథే పోయినట్టు.

నాకు ప్రాణమైన సీరియల్ ఒకటి డీవీడీ సెట్‌గా వచ్చిందంటే ఆత్రంగా కొన్నాను. మొదటి రెండు ఎపిసోడ్లు చూసి, బాగానే ఉందని తృప్తిపడి, మిగతావి తీరిగ్గా చూద్దామని పక్కన పెట్టాను. నెలల తర్వాత చివరి ఎపిసోడ్‌కి వచ్చాను. రైల్వే ప్లాట్‌ఫారం మీద ఇద్దరూ విడిపోయే చోట నాకు కంఠతా వచ్చిన పాట లేదు. దాని బదులు ఊరూ పేరూ లేని పియానో ముక్క ఒకటి వినిపించింది. అప్పటికి తిరిగి ఇచ్చే గడువు దాటిపోయింది. ఆనాటి నుంచి ఏ సెట్ కొన్నా కింద చెప్పిన వరసలో చూడకుండా అలమరలో పెట్టడం మానేశాను.

మొదటి అడుగు: ఆ సీరియల్‌ని దేని మీద తీశారో తెలుసుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. డబ్బు చేతులు మారకముందే అయిపోవాలి.

ఫిల్మ్ మీద తీసిన సీరియల్ అయితే, నెగటివ్ భద్రంగా ఉంటే, దాన్ని మళ్లీ స్కాన్ చేసి అసలైన హైడెఫినిషన్ బొమ్మ రాబట్టొచ్చు. 1995లో బీబీసీ 6 భాగాలుగా ప్రసారం చేసిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' సూపర్ 16 అనే 16 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద తీసింది. ఆ రోజుల్లో ఇంట్లో టీవీలో కనిపించిన దానికంటే ఎన్నో రెట్లు వివరం ఆ నెగటివ్‌లో ఉంటుంది. అలాంటి వాటికి బ్లూరే కొనడంలో అర్థం ఉంది.

వీడియో టేపు మీద తీసిన వాటి సంగతి వేరు. టీవీ సంస్థలు వాడిన బీటాక్యామ్ టేపు మీద తీసిన సీరియల్‌లో ఉన్న వివరమంతా ఆ టేపులో ఉన్నంతే. అమెరికా, జపాన్, కొరియాల పద్ధతిలో అయితే బొమ్మకు 480 అడ్డగీతలు, ఐరోపా పద్ధతిలో అయితే 576. దాన్ని 1080 గీతలకు సాగదీసి బ్లూరే మీద పెట్టినా లేని కనురెప్ప వెంట్రుక పుట్టుకురాదు.

ఈ రెంటికీ మధ్య ఇంకో రకం ఉంది, చాలామంది పొరబడేది అక్కడే. 1980ల చివరి నుంచి అమెరికాలో ఎన్నో సీరియళ్లను ఫిల్మ్ మీద తీసి, ఎడిటింగ్ మాత్రం టేపు మీద చేశారు. అంటే నెగటివ్ ఉంటుంది గానీ, ఎపిసోడ్‌గా కూర్చిన రూపం టేపు మీదే ఉంటుంది. నెగటివ్ నుంచి హైడెఫినిషన్ కావాలంటే ముక్క ముక్కా వెతికి, మళ్లీ స్కాన్ చేసి, మొత్తం ఎపిసోడ్‌ని మొదటి నుంచి కూర్చాలి. ఖర్చు బాగా అవుతుంది. అందుకని కొన్ని సంస్థలు టేపునే సాగదీసి పెట్టెలో పెడతాయి. పెట్టె మీద "రీమాస్టర్డ్" అని ఉంటే సరిపోదు. "ఒరిజినల్ కెమెరా నెగటివ్ నుంచి కొత్తగా స్కాన్ చేసినది" అన్న మాట కోసం వెతకండి. అది నిజంగా చేసినవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ మాట ఎక్కడా లేకపోతే అనుమానించడం తప్పుకాదు.

టేపు సీరియల్‌కి డీవీడీ కొనడం చిన్నతనమేమీ కాదని కూడా చెప్పాలి. సాగదీయకుండా, ఉన్నది ఉన్నట్టు శ్రద్ధగా ఎక్కించిన డీవీడీ, దొంగ హైడెఫినిషన్ బ్లూరే కంటే కంటికి హాయిగా ఉంటుంది.

రెండో అడుగు: పెట్టె వెనక చదివి లెక్క కట్టండి

పైన పటారం, లోన లొటారం అన్న సామెతకు ఈ పెట్టెలు సరిగ్గా సరిపోతాయి. ముందువైపు బొమ్మ చూసి మురిసిపోకుండా వెనక్కి తిప్పండి. ఎన్ని ఎపిసోడ్లు, మొత్తం ఎన్ని నిమిషాలు, ఎన్ని డిస్కులు అన్న మూడు అంకెలు చాలు.

ఒక పొర డీవీడీలో 4.7 గిగాబైట్లు, రెండు పొరల దానిలో 8.5 గిగాబైట్లు పడతాయి. బ్లూరేలో 25 లేదా 50. గిగాబైట్లను 8000తో గుణించి, డిస్కులో ఉన్న సెకన్లతో భాగిస్తే సెకనుకు ఎన్ని మెగాబిట్లు దక్కాయో వస్తుంది. దీన్నే బిట్‌రేట్ అంటారు, ఇది ఎక్కువైతే బొమ్మలో వివరానికి ఎక్కువ జాగా ఉన్నట్టు.

ఒక్కోటి గంట నిడివితో 20 ఎపిసోడ్ల సీరియల్ తీసుకుందాం. రెండు పొరల డీవీడీలు 10 ఇచ్చారంటే డిస్కుకు 2 ఎపిసోడ్లు, అంటే 7200 సెకన్లు. 68000ని 7200తో భాగిస్తే 9.4. డీవీడీ వీడియోకి గరిష్ఠ పరిమితే 9.8, కాబట్టి ఇది రాజభోగం. అదే సీరియల్ 5 డిస్కుల్లో వస్తే 4.7కి దిగుతుంది. 3 డిస్కుల్లో కుక్కితే ఒక్కోదానిలో దాదాపు 7 ఎపిసోడ్లు పడి 2.7కి పడిపోతుంది. ధ్వనికి పోయే వాటా ఇందులోంచే తీసేయాలి. నా అనుభవంలో డీవీడీకి 6 ఉంటే నిశ్చింత, 4కి తగ్గితే వాన సన్నివేశాల్లో బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంది.

బ్లూరేకి ఇదే లెక్క వేస్తే 50 గిగాబైట్ల డిస్కులో గంట ఎపిసోడ్లు 4 ఉంటే సుమారు 28, 8 ఉంటే 14 వస్తాయి. బ్లూరే కుదింపు పద్ధతి మెరుగైనది కాబట్టి నిదానంగా నడిచే డిజిటల్ సీరియల్‌కి 14 కూడా సరిపోవచ్చు. ఫిల్మ్ రేణువులు (ఫిల్మ్ బొమ్మలో సహజంగా కనిపించే ఇసుకలాంటి సన్నటి చుక్కలు) ఎక్కువగా ఉన్న సూపర్ 16 బొమ్మకి మాత్రం చాలదు. ఆ రేణువులు ప్రతి ఫ్రేములోనూ మారిపోతుంటాయి, వాటిని పట్టి ఉంచడానికి జాగా కావాలి.

డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే రీజియన్ అంకె కూడా ఇప్పుడే చూసుకోండి. కొరియా డీవీడీలు రీజియన్ 3, జపాన్‌వి 2. బ్లూరేల్లో ఆ రెండు దేశాలూ 'ఏ' కిందకే వస్తాయి. పశ్చిమ ఐరోపా డీవీడీల్లో జపాన్‌తో కలిసి 2లోనే ఉన్నా, బ్లూరేల్లో 'బి'. ఒకే అంకె ఉంది కదా అని జపాన్ డిస్కు, ఐరోపా డిస్కు ఒకటే అనుకోకండి. ఒకటి 480 గీతలది, ఇంకొకటి 576 గీతలది.

బ్లూరే పెట్టె మీద "1080ఐ" అని కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. 'ఐ' అంటే ఇంటర్లేస్డ్, బొమ్మ గీతలను సరి, బేసి వరసలుగా రెండు సగాలు చేసి ఎక్కించే పద్ధతి. సెకనుకు 30 ఫ్రేములతో తీసిన సీరియల్‌ని బ్లూరే నియమాల ప్రకారం అలాగే ఎక్కించాలి. లోపల బొమ్మ శుభ్రంగానే ఉండొచ్చు.

మూడో అడుగు: ముందు టీవీని దారిలో పెట్టండి

డిస్కు మీద నేరం మోపేముందు టీవీ చేస్తున్న అల్లరి ఆపాలి. బొమ్మ సెట్టింగుల్లో కదలికను నునుపు చేసే మోషన్ సదుపాయం తీసేయండి. షార్ప్‌నెస్ తగ్గించండి, నాయిస్ రిడక్షన్ ఆపేయండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ లేదా సినిమా మోడ్ ఉంటే అది పెట్టండి. అంచులు కోసేయకుండా బొమ్మ మొత్తం చూపించే సెట్టింగు ఎంచుకోండి. దీపాలు తగ్గించి, మామూలుగా కూర్చునే దూరంలోనే కూర్చోండి. తెరకు ముక్కు ఆనించి చూస్తే ప్రతి డిస్కూ చెడ్డదిగానే కనిపిస్తుంది.

నాలుగో అడుగు: నాలుగు సన్నివేశాలు, ఒక్కోదానిలో ఒక్కో తప్పు

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. డిస్కుకి మాత్రం నాలుగు మెతుకులు కావాలి. ఆ నాలుగూ ప్రతి ప్రేమకథలో దొరుకుతాయి.

మొదటిది, కిటికీ పక్కన ముఖం క్లోజప్. పగటి వెలుతురు చెంప మీద పడే చోట ఆపండి. నుదుటి మీద సన్నని గీతలు, ముక్కు పక్కన చర్మపు రంధ్రాలు, చెవి దగ్గర విడిపోయిన వెంట్రుకలు కనిపించాలి. చర్మం మైనపు బొమ్మలా ఉండి, కన్నులు మాత్రమే స్పష్టంగా ఉంటే రేణువులు తుడిచే సాఫ్ట్‌వేర్‌ను గట్టిగా వాడారన్నమాట. ఇప్పుడు వదిలేసి నడవనివ్వండి. ఆమె తల తిప్పినప్పుడు చెంప ఒక క్షణం మసకబారి, ఆగగానే మళ్లీ తేలితే అనుమానం ఖాయం. తర్వాత భుజానికీ కిటికీకీ మధ్య అంచు చూడండి. అక్కడ సున్నపు గీతలా తెల్లటి అంచు ఒకటి భుజం వెంబడే నడుస్తుంటే, అది బొమ్మకు లేని పదును తెచ్చిపెట్టడానికి కృత్రిమంగా చేర్చినది. నల్లజుట్టు చుట్టూ అయితే ఇంకా బాగా పట్టుబడుతుంది. ఈ రెండు తప్పులూ చాలాసార్లు జంటగా వస్తాయి. ముందు వివరం తుడుస్తారు, తర్వాత అది కనబడటంలేదని అంచులు గీస్తారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. మిగతా తప్పుల్లో బొమ్మ పాడవుతుంది, ఇందులో నటనే మారిపోతుంది.

ఒకసారి ఒకే సీరియల్ రెండు విడుదలలను పక్కపక్కన పెట్టి చూశాను. ఆమె ఏడవకుండా ఆపుకుంటున్న సన్నివేశం అది. పాత డిస్కులో కింది రెప్ప అంచున తడి పేరుకుని, సన్నటి వెలుగు చుక్కై వణుకుతుంది. కొత్తదానిలో రంగులు మెరుగ్గా ఉన్నాయి, మచ్చలు లేవు, కానీ ఆ చుక్క లేదు. మచ్చ అనుకుని సాఫ్ట్‌వేర్ దాన్నీ తుడిచేసింది. ఆ పాత్ర ఏడుపు ఆపుకుంటోందన్న సంగతి కొత్త డిస్కు చూసేవాళ్లకు తెలియనే తెలియదు.

రెండోది, రాత్రి వాన. ఒకే గొడుగు కింద ఇద్దరు నడిచే దృశ్యం ఎక్కడో ఒకచోట ఉంటుంది. వెనకాల చీకట్లో చదరపు గళ్లు మిణుకుతున్నాయా? వీధి దీపం చుట్టూ వెలుగు నెమ్మదిగా చీకట్లో కలుస్తోందా, లేక మెట్లుమెట్లుగా వలయాలు కడుతోందా? నల్లకోటు మడతలు కనిపిస్తున్నాయా, ఒకే నల్లటి ముద్దగా ఉందా? లెక్కలో బిట్‌రేట్ తక్కువ వచ్చిన డిస్కులు ఇక్కడే దొరికిపోతాయి.

మూడోది, ఎవరైనా పరుగెత్తే దృశ్యం. బస్సు వెంట, విమానాశ్రయంలో, ఏదైనా సరే. కదిలే చేతి దగ్గర ఆపి ఫ్రేము ఫ్రేముగా ముందుకు జరపండి. చేతి అంచున దువ్వెన పళ్లలా అడ్డగీతలు వస్తే బొమ్మ ఇంటర్లేస్డ్ పద్ధతిలో ఉందని అర్థం. టేపు మీద తీసిన సీరియల్‌కి అది సహజం, ప్లేయరో టీవీయో సర్దుకుంటుంది. కంప్యూటర్లో చూసేటప్పుడు వీఎల్‌సీ ప్లేయర్‌లో డీఇంటర్లేస్ ఆన్ చేస్తే పోతుంది. గీతలకు బదులు ఒక చేయి పక్కన దెయ్యంలా లేత రంగు చేయి ఇంకొకటి కనిపిస్తే అది పోయే రోగం కాదు. ఒక దేశపు పద్ధతిలోని టేపును ఇంకో దేశపు పద్ధతికి మార్చేటప్పుడు రెండు క్షణాలను కలిపేసి ఒక ఫ్రేము చేశారు. అది డిస్కులోనే ముద్రపడిపోయింది, ఏ టీవీ కూడా విడదీయలేదు. ఆ సీరియల్ పుట్టిన దేశపు విడుదల దొరుకుతుందేమో చూడండి.

నాలుగోది, సన్న చారల చొక్కా లేదా గళ్ల దుస్తులు. చారల మీద ఇంద్రధనుస్సు రంగులు పాకుతుంటే, వెలుగునూ రంగునూ ఒకే సిగ్నల్‌లో కలిపే పాత కాంపోజిట్ పద్ధతి గుండా ఆ బొమ్మ వచ్చిందన్నమాట.

ఐదో అడుగు: గుండ్రటిది గుండ్రంగా ఉందా?

గోడ గడియారం, ఉంగరం, కప్పు అంచు, ఏదో ఒకటి ఎదురుగా కనిపించే చోట ఆపండి. కోడిగుడ్డులా ఉంటే బొమ్మను పక్కలకు సాగదీశారు. ముందు టీవీ సెట్టింగు సరిచూసి, అప్పటికీ మారకపోతే తప్పు డిస్కుదే.

పాత 4:3 సీరియల్‌ని (వెడల్పు 4 పాళ్లు, ఎత్తు 3 పాళ్లుగా తీసినదాన్ని) వెడల్పు తెరకు సరిపెట్టడానికి పైనా కిందా కోసేయడం ఇంకో ఘోరం. బొమ్మలో పావు వంతు పోతుంది. తలలు నుదుటి దగ్గర తెగి ఉంటాయి, బల్ల మీద చేతులు కలిసే క్షణం తెర కింద దాక్కుంటుంది. చేయి చేయి తాకడమే ఒక ఎపిసోడ్ మొత్తానికి శిఖరమైన కథల్లో ఇది క్షమించరానిది. పాత సీరియల్‌కి రెండు పక్కలా నల్లపట్టీలు ఉంటే సంతోషించండి. కెమెరా పట్టుకున్న మనిషి చూపించాలనుకున్నది పూర్తిగా అందుతోందని అర్థం.

ఆరో అడుగు: కళ్లు మూసుకుని వినండి

ఐరోపా పద్ధతి డీవీడీల్లో, సెకనుకు 24 ఫ్రేముల ఫిల్మ్‌ని 25 వేగంతో నడుపుతారు. గంట ఎపిసోడ్ సుమారు 57న్నర నిమిషాల్లో అయిపోతుంది. ఏమీ కత్తిరించలేదు, అంతా నాలుగు శాతం తొందరగా నడుస్తుంది. శ్రుతి సరిచేయకపోతే గొంతులు కాస్త కీచుగా, పాట కొద్దిగా ఎత్తు శ్రుతిలో వినిపిస్తాయి. పాట బాగా తెలిసినవాళ్లకు మొదటి గమకంలోనే దొరికిపోతుంది. దీనికి తిరగమరగ కూడా జరుగుతుంది. 25 ఫ్రేములతో తీసిన సీరియల్‌ని 24కి నెమ్మదింపజేస్తే గంటది 62న్నర నిమిషాలై, గొంతులు బరువెక్కుతాయి.

తర్వాత మాటల్లేని చోటు వినండి. ఇద్దరూ మౌనంగా కూర్చున్నప్పుడు గది తాలూకు సన్నటి సద్దు ఉండాలి. మాట రాగానే సద్దు మొదలై, మాట ఆగగానే టక్కున నిశ్శబ్దమైపోతే హిస్ (టేపు వెనకాల వినిపించే బుస) తీసేయడానికి అతిగా శుభ్రం చేశారు. గుసగుసల చివరి అక్షరాలు అందులో కొట్టుకుపోతాయి. ధ్వనిని ఆరు స్పీకర్లకు పంచామని చెప్పే "5.1" అన్న అంకెకు మాత్రం నేను పెద్దగా విలువ ఇవ్వను. మొదట స్టీరియోలో చేసిన సీరియల్‌కి స్టీరియో ట్రాక్ ఉంటే అదే పెట్టుకుంటాను.

ఏడో అడుగు: పాటలు అవేనా, కథ మొత్తం ఉందా?

దీన్ని వాయిదా వేయకండి. ప్రసార హక్కులు వేరు, డిస్కు హక్కులు వేరు. టీవీలో వాడుకోవడానికి పాటకు అనుమతి తీసుకున్నవాళ్లు డిస్కుకి మళ్లీ డబ్బు కట్టాల్సి వస్తే, చవకైన వేరే పాట పెట్టేస్తారు. 1998 నుంచి 2003 వరకు నడిచిన 'డాసన్స్ క్రీక్' అందుకు పేరుమోసిన ఉదాహరణ. ప్రసారంలో పౌలా కోల్ పాటతో మొదలయ్యే ఆ సీరియల్‌కి, మూడో సీజన్ నుంచి డీవీడీల్లో జాన్ ఆర్డెన్ పాట వచ్చి చేరింది. శీర్షిక పాటకే ఆ గతి పట్టినప్పుడు, సన్నివేశాల వెనక వినిపించే పాటల సంగతి చెప్పనక్కర్లేదు.

కాబట్టి మీకు గుర్తున్న అయిదారు పాటల సన్నివేశాలు కాగితం మీద రాసుకుని, సెట్ చేతికొచ్చిన రోజే వాటిని తెరిచి చూడండి. మొదటి ఎపిసోడ్, మధ్యలో ఒకటి, చివరిది తప్పకుండా ఉండాలి. మార్పులు చాలావరకు తర్వాతి సీజన్లలోనే జరుగుతాయి, మొదటి డిస్కు చూసి తీర్పు చెప్తే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

నిడివి కూడా సరిచూడండి. ఒకే సీరియల్‌కి ఒకటికి మించి కూర్పులు ఉంటాయి. కొరియాలో 2002లో కేబీఎస్ ప్రసారం చేసిన 20 భాగాల 'వింటర్ సొనాటా'ను జపాన్‌లో ఎన్‌హెచ్‌కే 2003లో డబ్బింగ్‌తో వేసింది. 2004 డిసెంబరులో కత్తిరింపులు లేని కూర్పును సబ్‌టైటిల్స్‌తో మళ్లీ ప్రసారం చేసింది. అలాంటప్పుడు మీ పెట్టెలో ఉన్నది ఏ కూర్పో తెలియాలి. మొదటి ప్రసారపు నిడివికీ డిస్కు నిడివికీ నాలుగైదు నిమిషాల తేడా వస్తే, ముందు వేగం లెక్క తీసేయండి. అప్పటికీ తేడా మిగిలితే ఎక్కడో కోత పడింది. "వచ్చే భాగంలో" అంటూ చివర వచ్చే ముక్కలు ఉన్నాయో లేదో కూడా గమనించండి. వారం వారం ఎదురుచూసినవాళ్లకు అవీ కథలో భాగమే.

ఎనిమిదో అడుగు: సబ్‌టైటిల్స్

ప్రేమకథలో పిలుపు మారిన చోటే బంధం మారుతుంది. "మీరు" నుంచి "నువ్వు"కి దిగిన క్షణం, పేరు పెట్టి మొదటిసారి పిలిచిన క్షణం. కొరియన్, జపనీస్ సీరియళ్లలో ఈ మెట్లు ఇంకా ఎక్కువ. అలాంటి సన్నివేశం ఒకటి తెరిచి, సబ్‌టైటిల్స్‌లో ఆ మార్పు ఏదో ఒక రకంగా అందిందా, లేక రెండు చోట్లా ఒకే మాట ఉందా చూడండి. పాటల సాహిత్యానికి, ఉత్తరాలకు, ఫోనులో కనిపించే సందేశాలకు అనువాదం ఇచ్చారా? అక్షరాలు బొమ్మలోనే ముద్రించేసి తీసేయడానికి వీల్లేకుండా ఉంటే, అది ప్రసారం నుంచి పట్టిన కాపీ కావచ్చు. దాంతోపాటు డిస్కు అడుగు ఊదారంగులో ఉండి, అన్ని రీజియన్లూ అని రాసి, గంట ఎపిసోడ్లు ఏడెనిమిది కుక్కి ఉంటే అది దొంగ సరుకే. వెనక్కి పంపేయండి.

తొమ్మిదో అడుగు: ప్రతి డిస్కూ చివరిదాకా

తిరిగి ఇచ్చే గడువులోగా ప్రతి డిస్కునూ పెట్టి, ప్రతి ఎపిసోడ్‌లో మూడు చోట్లకు గెంతి చూడండి. గీతలు, వేలిముద్రలు ఎక్కువగా బయటి అంచున పడతాయి. లోపలి నుంచి చదవడం మొదలవుతుంది కాబట్టి ఒక పొర డిస్కులో తొలి భాగం బాగానే నడిచి, చివరి ఎపిసోడ్‌లో మొరాయిస్తుంది. రెండు పొరల డీవీడీలో మధ్యలో ఒక్క క్షణం ఆగడం పొర మారడమే, అది లోపం కాదు.

తప్పు దొరికితే ఫిర్యాదులో డిస్కు సంఖ్య, ఎపిసోడ్, నిమిషం, సెకను రాసి, తెర ఫొటో రెండు జతచేయండి. "క్వాలిటీ బాగోలేదు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. "3వ డిస్కు, 11వ ఎపిసోడ్, 42 నిమిషాల 10 సెకన్ల దగ్గర బొమ్మ ఆగిపోతోంది" అంటే ఆ ఒక్క డిస్కు మార్చి పంపే అవకాశం ఉంటుంది.

కొత్త సెట్ ఎంత బాగున్నా పాతదాన్ని వెంటనే వదిలించుకోకండి. బొమ్మ ఒకదానిలో, పాట ఇంకొకదానిలో మిగిలిపోవడం మామూలే. నేను మొదట్లో చెప్పిన సీరియల్‌కి ఆ తర్వాత నెగటివ్ నుంచి తీసిన బ్లూరే వచ్చింది. ముఖాలు అద్భుతంగా ఉన్నాయి, చివరి ఎపిసోడ్‌లో పాట మాత్రం ఇప్పటికీ లేదు. ప్రసారమైన రోజున టీవీ నుంచి రికార్డు చేసుకున్న వీహెచ్‌ఎస్ టేపు నా దగ్గర ఉంది. రంగులు పాకిపోయాయి, కింద ఒక గీత వణుకుతూ ఉంటుంది. ప్లాట్‌ఫారం సన్నివేశం వచ్చేసరికి బ్లూరే ఆపి, ఆ టేపు పెడతాను.